పొలిమేర పిల్లలు, ఇంజనీరింగు చదువు

పరీక్షా ఫలితాల రోజులు వచ్చినవంటే మన పావగడ తాలూకా తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. అబ్బాయినో అమ్మాయినో ఇంజనీరింగు చదివించడమెట్లా? ఈ నెల ఆ సంగతే ముచ్చటించుకొందాము.

మన రాష్ట్రంలో ఈ చదువు చాలావరకు బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం నీడన సాగుతున్నది. 1998లో ఏర్పడిన ఈ సంస్థ కింద సుమారు 200 కాలేజీలున్నవి. 1963లో పుట్టిన తుమకూరు సిద్ధగంగా కాలేజీ దానికి అనుబంధమైనదే. విశ్వేశ్వరయ్యగారి పెద్దల ఊరు ఆంధ్రదేశపు మోక్షగుండం. ఆయన మైసూరుకు దివానుగిరీ చేసినారు; 1908 మూసీ వరద తరువాత హైదరాబాదు రక్షణకు పథకం వేసినారు. ఆయన ఎవరివాడని వాదించుకోవడంకంటె, రెండు నేలలకూ పనికివచ్చినాడని చెప్పుకోవడం మేలు.

ఇక అసలు చిక్కు. మనకు మడకశిర, హిందూపురం పొరుగిళ్ళవంటివి. మేనమామ ఇంట ఉంచి అక్కడి బడిలో వేయడం మామూలే. కాని ప్రభుత్వ సీటుకు సి.ఇ.టి. వ్రాయాలంటే, బిడ్డ కర్ణాటకలో కనీసం 7 ఏండ్లు చదివి, ఎస్.ఎస్.ఎల్.సి.గాని రెండవ పి.యు.సి.గాని ఇక్కడ ప్యాసై ఉండవలె. పది దాకా ఇక్కడే చదివి, ఇంటరుకు అనంతపురం పోయినవానికి భయం లేదు. ఐదు మొదలు పది వరకు మడకశిరలో చదివి, పి.యు.సి.కి తిరిగి వచ్చినవానికో? నాలుగూ రెండూ ఆరే! అట్టివానికి ఇంకొక దారి ఉన్నది. తల్లిదండ్రులలో ఒకరు కర్ణాటకలో 7 ఏండ్లు చదివి ఉంటే చాలును. తల్లి ఆవలి ఊరి ఆడపడుచు, తండ్రి బడి ముఖం చూడనివాడు అయితే ఆ దారీ మూసుకొన్నట్లే.

పల్లె పిల్లలకు 15 శాతం, కన్నడ మాధ్యమంవారికి 5 శాతం సీట్లు ప్రత్యేకం. రెండింటికీ ఒకటి నుంచి పది వరకు లెక్క చూస్తారు. మధ్యలో ఒక్క ఏడు ఆవల చదివినా పల్లె కోటా పోయినట్లే. కాబట్టి అమ్మలారా, అయ్యలారా, బడి మార్చే ముందు ఈ లెక్క వేసుకోండి. ప్రతి బడినుంచీ స్టడీ సర్టిఫికేటు అప్పటికప్పుడే తీసి పెట్టెలో దాచండి. నిబంధనలు ఏటేటా చూచుకోవలె.

పి.యు.సి. అందనివాడు దిగులుపడనక్కర లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. పైన మూడేండ్ల డిప్లొమా చేసి, డి.సి.ఇ.టి. వ్రాసి, నేరుగా ఇంజనీరింగు రెండవ ఏట చేరవచ్చును.

చేరిన తరువాత మన పిల్లలకు మొదటి గండం ఇంగ్లీషు పాఠాలు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు! మొదటి సెమిస్టరులో తప్పిన సబ్జెక్టులు వెన్నంటి వస్తవి. సిగ్గుపడక అయ్యవార్లను అడగమని బిడ్డకు నేర్పండి. కన్నడం వచ్చినవారికి సాంస్కృతిక కన్నడం, రానివారికి బళకె కన్నడం అని వేరువేరు పాఠాలున్నవి. పుస్తకాల చదువుతోనే సరిపోదు. నాలుగేండ్లలో సమాజసేవ వంటి పనులతో 100 పాయింట్లు గడించవలె. చెరువు పూడిక, పల్లెబడి పాఠం కూడా చదువులో భాగమైనదన్నమాట. మంచిదే గదా!

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, నాగలమడికె హోబళిలో తిరుమణి, వళ్ళూరు మొదలైన 5 ఊళ్ళ రైతులు 13,000 ఎకరాలు సౌరవిద్యుత్తుకు కౌలుకిచ్చినారు. 2018లో మొదలై 2019 చివరకు 2,050 మెగావాట్లకు చేరినది. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు. వేరుసెనగ పండిన చేలలో ఇప్పుడు అద్దాల పలకలు. ఆ పలకలు కడిగే కూలి మన ఊరివాడికి దొరకవచ్చును; వాటి యంత్రం మరమ్మతు చేసే ఉద్యోగానికి డిప్లొమాయో డిగ్రీయో కావలె. భూమి మనది, ఎండ మనది, ఇంజనీరు మాత్రం పరాయివాడా?

కౌలు డబ్బు పెండ్లి పందిళ్ళకే పోనీయక, ఒక భాగం బిడ్డ చదువుకు తీసి ఉంచండి. ఆడపిల్లనూ ఆ లెక్కలో చేర్చండి.