అరగంట పనికి ఆరువందలా?

కారు ఆగిపోవడం గురించి రాయడానికి ఏముంటుందని మీరు అనుకోవచ్చు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. కానీ గత కార్తీకమాసంలో ఒక రాత్రి మునగాల దాటాక దారిపక్కన నిలబడిన గంటసేపూ, మరునాటి ఉదయం సూర్యాపేటలో ఒక రేకుల షెడ్డు ముందు కూర్చున్న సమయమూ నా చేత చాలా లెక్కలు వేయించాయి. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతికితే అది నా పద్దులోనే తేలింది. అది చెప్పుకుందామనే ఈ రాత.

కథ నిజానికి దసరా రోజుల్లో మొదలైంది. ఉదయం పూట కారు ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాను (పేరు అనవసరం). బ్యాటరీ ఆయుష్షు తీరిందన్నారు. మూడేళ్ళ బ్యాటరీ కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఆరువేల రెండువందలు పెట్టి కొత్తది వేయించాను. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీకి చార్జింగు సరిగా అందుతోందో లేదో వాళ్ళు కొలవలేదు, నేను అడగలేదు. బిల్లులో బిగింపు ఉచితమని రాసి ఉంటే సంతోషించాను కూడా. ఫోను తీసి నిమిషంలో డబ్బు కట్టేశాను.

ఆ తరువాత కూడా అద్దాల వెనుక బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రదీపం అప్పుడప్పుడు మినుకుమన్న మాట నిజం. బ్యాటరీ కొత్తదే కదా అన్న ధీమాతో పట్టించుకోలేదు. విజయవాడలో బంధువుల గృహప్రవేశానికి అమ్మను తీసుకువెళ్ళి, సాయంత్రం హైదరాబాదుకు తిరుగు ప్రయాణమయ్యాం. కోదాడ దాటగానే ఆ దీపం వెలిగి ఇక ఆరలేదు. అప్పటికీ ఏసీ నడుస్తోంది, పాటలు నడుస్తున్నాయి, ఫోను చార్జింగులో ఉంది. మునగాల దాటాక ముందు పాటలు ఆగాయి. తరువాత హెడ్‌లైట్లు పసుపుపచ్చబడ్డాయి. ఆ వెంటనే స్టీరింగు బిగుసుకుపోయి రాయిలా తయారైంది. రెండు చేతులా తిప్పి ఎలాగో మార్జిన్ మీదికి తెచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. ప్రమాద సూచికగా వెలగవలసిన దీపాలకు కూడా సత్తువ లేదు. అమ్మను రోడ్డుకు దూరంగా గట్టు మీద కూర్చోబెట్టి, సామాన్ల అడుగున ఎక్కడో ఉన్న ఎర్ర త్రికోణాన్ని వెతికి వెనుక పెట్టాను. అది చాలదనిపించి, లారీ డ్రైవర్లు చేసినట్టు చెట్టుకొమ్మలు విరిచి వరుసగా పరిచాను. పక్కనుంచి లారీ వెళ్ళిన ప్రతిసారీ కారు ఊగిపోయేది. జాతీయ రహదారి సహాయ నంబరు 1033కు ఫోను చేస్తే గస్తీ వాహనం వచ్చింది, దాని వెనుక క్రేను వచ్చింది. ఆ రాత్రి లాడ్జిలో గడిపాం.

ఆ గంటసేపటిలో నాకు తెలియని సంగతి ఒకటుంది. కారు నడుస్తున్నంతసేపూ దానికి కరెంటునిచ్చేది బ్యాటరీ కాదు, ఆల్టర్నేటరు. మన మేస్త్రీలు ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు. ఇంజను దాన్ని బెల్టుతో తిప్పుతుంది. అది ఒకవైపు దీపాలకూ, ఇంధనపు పంపుకూ, స్టీరింగుకూ కరెంటు ఇస్తూనే మరోవైపు బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీ ప్రధానమైన పని బండిని లేపడం. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టరు రాకముందు ఆ పనిని మనిషి ముందు నిలబడి హ్యాండిలు తిప్పి చేసేవాడు. డైనమో పడకేసిన రోజున ఆ బ్యాటరీయే సంసారమంతా మోయాలి. రెండు హెడ్‌లైట్లకే తొమ్మిది పది ఆంపియర్లు కావాలి. ఏసీ, ఫ్యాను, పంపు, ఇంజను కంప్యూటరు అన్నీ కలిస్తే మామూలు కారు బ్యాటరీ గంట నిలవడమే ఎక్కువ. కనుక ఆ ఎర్రదీపం వెలిగితే ముందు ఏసీ, పాటలు, చార్జరు ఆపేయాలి. ఇంజను వేడి చూపే ముల్లు మీద కన్నుండాలి. తెగింది బెల్టే అయితే కొన్ని బండ్లలో నీటి పంపు కూడా దానితోనే ఆగుతుంది. వేడి పెరగకపోతే ఇంజను ఆపకుండా మనుషులున్న చోటికి చేరాలి. ఒకసారి ఆపితే మళ్ళీ లేవదు. కోదాడలోనే ఇది తెలిసి ఉంటే, రాత్రి కోదాడలోనే గడిచేది.

ఉదయం మేస్త్రీ బానెట్టు ఎత్తాడు. యాభై దాటిన మనిషి. రాత్రంతా బ్యాటరీని చార్జింగుకు పెట్టి ఉంచాడు. మీటరు తీగలు ఆనించి చూపించాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు. ఇంజను నడిపితే పద్నాలుగు దాకా పెరగాలి. పెరగలేదు సరికదా, తగ్గుతూ వచ్చింది.

"బ్యాటరీ మంచిగనే ఉంది సార్. డైనమో చార్జింగ్ ఇస్తలేదు. దీనికోసం కొత్త బ్యాటరీ ఎందుకేసిన్రు?" అన్నాడు.

నేను జవాబు చెప్పకుండా సర్వీసు సెంటరుకు ఫోను చేశాను. ఆల్టర్నేటరు మొత్తం మార్చాల్సిందేననీ, పద్దెనిమిది వేల పైమాటేననీ, సరుకు రావడానికి రెండు రోజులు పడుతుందనీ చెప్పారు. ఈలోగా మేస్త్రీ దాన్ని ఊడదీసి విప్పాడు. లోపల స్ప్రింగుల ఒత్తిడితో తిరిగే భాగానికి ఆనుకుని ఉండవలసిన రెండు కార్బన్ బ్రష్షులు అరిగి గోరంత మిగిలాయి. అవి కాసేపు ఆనుతూ కాసేపు తప్పుతూ ఉండడం వల్లనే దీపం మినుకుమంది, దసరానాడు బ్యాటరీ నీరసించింది. కొత్త బ్రష్షులు టంకం పెట్టి అతికించాడు. గరగరమంటున్న బేరింగు కూడా మార్చాడు. తిరిగి బిగించి మీటరు ఆనిస్తే 14.2 చూపించింది. పాత బ్రష్షులను నా అరచేతిలో పెట్టాడు.

బ్రష్షులకు 250, బేరింగుకు 350, బ్యాటరీ చార్జింగుకు 100, మజూరీ 600. మొత్తం 1,300 రూపాయలు.

పద్దెనిమిది వేలు తప్పిన మనిషి ఏమనాలి? నేనేమన్నానో చెబుతాను. "అరగంట పనికి ఆరువందలా?" అన్నాను. నిజానికి గంటంబావు పట్టింది. ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి నేనే. బేరంలో కాలం కూడా కుంచించుకుపోతుంది. అతను వాదించలేదు. "మీ ఇష్టం సార్" అన్నాడు. పదకొండువందలు ఇచ్చి, రెండువందలు మిగిల్చుకున్నానన్న తృప్తితో కారెక్కాను.

నకిరేకల్లు దాటేదాకా అమ్మ ఏమీ అనలేదు. తరువాత అడిగింది. "బ్యాటరీ కొన్ననాడు బేరమాడావట్రా?"

లేదు. ఆడలేదు. అక్కరలేని వస్తువుకు ఆరువేల రెండువందలు మారుమాట్లాడకుండా ఇచ్చాను. అవసరమైన పనికి ఆరువందలు అడిగితే నాకు కోపం వచ్చింది. ఇది నా ఒక్కడి జబ్బే అయితే రాయవలసిన పని లేదు. మనలో చాలామందికి వస్తువు ధర న్యాయంగానూ, పని ధర మోసంగానూ కనబడుతుంది. పెట్టె మీద అచ్చువేసిన అంకెను మనం ప్రశ్నించం. మనిషి నోటితో చెప్పిన అంకెను మాత్రం సగానికి దించాలని చూస్తాం. తప్పు ఎక్కడుందో కనిపెట్టడమే ఈ వ్యవహారంలో అసలు పని. దానికి బిల్లులో గడే లేదు. గడి పెట్టి వంద రూపాయలు వేస్తే, "చూసినందుకు కూడా డబ్బులా?" అంటాం.

ఫలితం ఏమిటి? పనికి డబ్బు రాని చోట వస్తువు మీదే సంపాదించాలి. అంటే బాగుచేయడం కంటే మార్చడమే లాభం. బ్యాటరీ అమ్మితే మిగులు ఉంటుంది, చార్జింగు కొలిస్తే ఏమీ ఉండదు. కాబట్టి కొలవరు. బిగింపు ఉచితమని మురిసిపోయిన నేను ఆ ఉచితాన్ని బ్యాటరీ ధరలో ముందే కట్టేశాను. రిపేరు ఖర్చులు మండిపోతున్నాయని వాపోయే మనమే ఆ మంటకు కొంత కట్టె వేస్తున్నామని నా అభిప్రాయం.

కొంతేనని ఎందుకంటున్నానంటే, మిగతాది మన చేతిలో లేదు. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ బయటి మేస్త్రీలకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆ తీర్పుపై అప్పీళ్ళకు వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "మరమ్మతు హక్కు" మీద ఒక కమిటీ వేసింది, అదే డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. అందులో వాహనాలూ ఒక విభాగమే. మంచిదే. అయితే హక్కు కాగితం మీద ఉండి, బాగుచేసే చెయ్యి ఊళ్ళో లేకపోతే దానితో ఏం చేసుకుంటాం? సూర్యాపేట మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ కనబడలేదు. అడిగితే, "ఎవరొస్తరు సార్? డెలివరీకి పోతే దినాం పైసలొస్తయి" అన్నాడు. మనం కోసిన రెండువందలే ఆ కుర్రవాడి జీతం.

బీమా ఉందిగా అంటారేమో. మామూలు మోటారు పాలసీ ప్రమాదానికి వర్తిస్తుంది కానీ, అరుగుదలకూ కరెంటు లోపానికీ వర్తించదు. విడిగా తీసుకునే రోడ్డు సహాయం బండిని షెడ్డుదాకా చేరుస్తుంది. ఆ తరువాత బిల్లు మనదే.

మేస్త్రీలందరూ మహానుభావులనీ, సర్వీసు సెంటర్లన్నీ దోపిడీ కేంద్రాలనీ నేననను. బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలించి కంప్యూటరును కాల్చేసిన చేతులూ ఉన్నాయి. కొత్త కార్లలో డైనమో ఎంత కరెంటు ఇవ్వాలో ఇంజను కంప్యూటరే నిర్ణయిస్తుంది. అక్కడ 14.2 అన్న లెక్క ఎల్లవేళలా పనికిరాదు, సరైన పరికరం కావాలి. వారంటీ ఉన్న బండిని బయట విప్పించడం తెలివైన పని కాదు. లోపలి భాగాలు విడిగా సరఫరా కాకపోతే సర్వీసు సెంటరులోని కుర్రవాడు మాత్రం ఏం చేస్తాడు? నేను అడిగేదల్లా ఒకటే. మార్చేముందు కొలవమందాం. కొలిచినందుకు డబ్బిద్దాం. తీసేసిన పాత భాగాన్ని చేతికి ఇమ్మందాం.

ఇంటికి వచ్చిన మూడోనాడు ఆ రెండువందలు మేస్త్రీకి ఫోన్లో పంపించాను. పది నిమిషాల్లో అతనే ఫోను చేశాడు. "సార్, బండి మళ్ళ ఆగిందా? అడ్వాన్సు పంపిన్రు" అన్నాడు.

అది మొన్నటి పని తాలూకు డబ్బేనని అతన్ని నమ్మించడానికి నాకు కాస్త సమయం పట్టింది.