ఫాలోఅప్ సీటీ స్కాన్‌కు వెళ్తున్నారా? పాత సీడీ మరిచిపోకండి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జూలూరుపాడులో ఉండేవారికి క్యాన్సర్ ఫాలోఅప్ అంటే ఖమ్మమో, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రో వెళ్లిరావాల్సిందే. ఒకచోట తీసిన స్కాన్ మరోచోట డాక్టర్‌కు చూపించలేకపోతే మళ్లీ తీయించమనొచ్చు. అప్పుడు డబ్బుతో పాటు రేడియేషన్ భారమూ రెండోసారి పడుతుంది.

రేడియేషన్ ఎంత ఉంటుంది?
దీన్ని మిల్లీసీవర్ట్‌లలో లెక్కిస్తారు. ఛాతీ సీటీకి సుమారు 7, పొట్ట-కటి భాగం సీటీకి 8 నుంచి 10 వరకు ఉంటుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. ఒక్క స్కాన్‌తో వచ్చే ముప్పు చాలా తక్కువే. కానీ ఏళ్ల తరబడి తీయిస్తుంటే మోతాదు పేరుకుంటుంది. పిల్లలు, యువత విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

పరిమితి ఉందా?
సీటీ యంత్రాలకు లైసెన్స్ ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ). అక్కడ పనిచేసే సిబ్బందికి మోతాదు పరిమితి ఉంది. రోగికి లేదు. ఎందుకంటే చికిత్సకు అవసరమైన స్కాన్ ఆగిపోకూడదు. అందుకే ‘ఈ స్కాన్ అవసరమా? ఎంత తక్కువ మోతాదుతో సరిపోతుంది?’ అన్న ప్రశ్నలే రోగికి రక్షణ.

ఎలా తగ్గిస్తారు?
- రోగి శరీర పరిమాణాన్ని బట్టి మోతాదు సర్దుతారు.
- అవసరమైన భాగాన్నే తీస్తారు.
- కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కు ముందు, తర్వాత రెండుసార్లు తీస్తే మోతాదు దాదాపు రెట్టింపవుతుంది. ఒక్కసారి సరిపోతే అంతటితో ఆపుతారు.
- వీలైతే రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ వాడతారు.

బ్రిటన్‌లో మొదటి దశ సెమినోమా (ఒక రకం వృషణ క్యాన్సర్) ఉన్న 669 మందిపై జరిపిన ‘ట్రిస్ట్’ అధ్యయనం 2022లో వెలువడింది. ఫాలోఅప్‌లో ఎంఆర్‌ఐ సీటీకి తీసిపోదని అందులో తేలింది. అయితే ఇది అన్ని క్యాన్సర్లకూ వర్తించదు. ఊపిరితిత్తులను చూడటానికి సీటీయే మెరుగు.

మీరేం చేయాలి?
- ఫిల్మ్‌తో సరిపెట్టుకోకుండా సీడీ కూడా అడిగి తీసుకోండి. ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.
- ఎప్పుడు, ఎక్కడ, ఏ భాగానికి స్కాన్ తీశారో ఒకచోట రాసుకోండి.
- యంత్రం నమోదు చేసే డోస్ రిపోర్ట్‌ను కూడా సీడీలో ఇవ్వమనండి.
- గర్భం ఉందన్న అనుమానం ఉంటే ముందే చెప్పండి.

ఒక్కమాట. రేడియేషన్ భయంతో డాక్టర్ రాసిన స్కాన్ మానేయొద్దు. తిరగబెట్టిన క్యాన్సర్‌ను ఆలస్యంగా గుర్తిస్తే జరిగే నష్టం చాలా పెద్దది. మానుకోవాల్సింది అనవసరంగా రెండోసారి తీయించే స్కాన్‌నే.