భయం నవ్వించిన ప్రయాణం

ప్రయాణం మనిషిని పరీక్షిస్తుంది. ఇంట ఉన్నంతకాలం మన స్వభావానికి నాలుగు గోడల చాటు ఉంటుంది. దారిన పడినప్పుడు ఆ చాటు ఉండదు. ఆకలి, అలసట, అపరిచితుల సాంగత్యం కలిసి మన అసలు రూపాన్ని బయటపెడతాయి. అందుచేతనే ప్రయాణకథలలో హాస్యానికి చోటెక్కువ. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు పాదలేపం మహిమతో హిమాలయం చేరుకుంటాడు. ఆ లేపం మంచుకు కరిగిపోగానే ఇంటికి దారి తోచక దిక్కులు చూస్తాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశం మొగల్తూరు నుండి ఇంగ్లండుకు బయలుదేరి అడుగడుగునా తికమకపడతాడు. ఈ పరంపరకు తెలుగు చలనచిత్రం అందించిన మేలైన కానుక ‘క్షణక్షణం’ అని నా అభిప్రాయం.

‘శివ’ (1989) చిత్రంతో పేరు పొందిన రాంగోపాల్ వర్మ 1991లో ‘క్షణక్షణం’ తీశారు. కథ ఒక బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది. దొంగలలో ఒకడు తోటివారిని వంచించి కోటి రూపాయలు దాచివేస్తాడు. ఆ సొమ్ము ఆచూకీ తెలిపే రసీదు ఫోటోల కవరులో చేరి, ఏ పాపం ఎరుగని సత్య చేతికి వస్తుంది. రసీదుకోసం వచ్చిన దుండగుడు ఆమెతో జరిగిన పెనుగులాటలో మరణిస్తాడు. దిక్కుతోచక పారిపోతున్న ఆ మధ్యతరగతి యువతికి తోడు దొరికినవాడు చందు అనే చిల్లర దొంగ. వెనుక ముఠా, ఆ వెనుక పోలీసులు, ఎదుట అడవి. సత్యగా శ్రీదేవి, చందుగా వెంకటేష్ నటించారు. ఈ చిత్రానికి ఉత్తమ దర్శకునిగా వర్మ, ఉత్తమ నటిగా శ్రీదేవి నంది పురస్కారాలు అందుకున్నారు.

ఒకనాడు ఈ కథను తరగతిలో చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, “సార్, ఒక్క ఫోను చేస్తే కథ అయిపోవు గదా!” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు వెనుక వరుస నుండి ఒక అమ్మాయి, “ఎవరికి జేస్తది సార్? పోలీసోళ్ళు గూడ ఎంటవడ్డరు గద!” అన్నది. నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి తల్లి పాశమైలారంలోని ఒక కర్మాగారంలో షిఫ్టుల పని చేస్తుంది. ఒంటరి స్త్రీ భయం ఎటువంటిదో ఆ ఇంటికి నేను చెప్పనక్కరలేదు. చిత్రం నేటికీ నిలిచి ఉండడానికి కారణమేమిటో నేను అరగంటలో చెప్పలేనిది ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. సత్యకు కొరవడినది ఫోను కాదు, నమ్మదగిన మనిషి. ఫోను వచ్చిన తరువాత కూడా ఆ కొరత తీరలేదు.

ఇక్కడ అలంకారశాస్త్రం మనకు తోడ్పడుతుంది. హాస్యానికి భయానకం విరోధి అని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు చెప్పాడు. భయపడుతున్నవాడు నవ్వలేడు గదా! అయితే విరుద్ధమైన రసాలను వేరువేరు ఆశ్రయాలలో నిలిపితే విరోధం తొలగుతుందని అంతకు చాలా ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దారి చూపాడు. ఆ సూత్రాన్ని కొంచెం విస్తరించి చూడండి. ఈ చిత్రంలో భయం సత్యది, నవ్వు మనది. కొంపలు మునుగుతున్న వేళ ఆమె చిన్నపిల్లవలె ఆకలిని గూర్చి, అలసటను గూర్చి గునుస్తుంది. మనం నవ్వుతాం. మరుక్షణమే ఆమె క్షేమంగా బయటపడాలని కోరుకుంటాం. అడవిలో రాత్రివేళ నిద్రపట్టని ఆమెకు చందు జోలపాట పాడుతాడు. సిరివెన్నెల సీతారామశాస్త్రి రచనకు కీరవాణి స్వరాలు కూర్చిన ఆ పాటలో హాస్యం మెత్తబడి వాత్సల్యంగా మారుతుంది. లోకం దొంగ అన్నవాడే ఆమెకు కాపరి అయ్యాడు.

ఇటువంటి కథ ఒక్క మన భాషకే పరిమితం కాదు. 1934లో అమెరికాలో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ చిత్రంలో ఒక ధనవంతుని కుమార్తె, ఉద్యోగం పోయిన విలేకరి ఒకే బస్సులో ప్రయాణిస్తారు. పోట్లాడుకుంటూనే ఒకరినొకరు తెలుసుకుంటారు. ఆ చిత్రానికి ఐదు ఆస్కార్ పురస్కారాలు లభించాయి. దేశం మారినా, వాహనం మారినా, నవ్వుకు మూలం మాత్రం ఒక్కటే.

ఇందుకు భిన్నమైన హాస్యం మన తెరపై కొల్లలుగా ఉంది. ఒకరి నల్లని రంగును, స్థూలకాయాన్ని, నత్తిని చూపి నవ్వించడం దాని పద్ధతి. తెలంగాణ యాసను దశాబ్దాలపాటు ప్రతినాయకుల నోట, హాస్యపాత్రల నోట మాత్రమే పలికించిన చిత్రాలెన్నో ఉన్నాయి. వాటిని చూస్తూ నా చిన్ననాట నేను కూడా నవ్వాను. మా అమ్మ మాటనే చూసి నవ్వుతున్నానని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. అటువంటి హాస్యానికి ఎప్పుడూ ఒక బలిపశువు కావాలి. ఆ బలిపశువు తలయెత్తి ప్రశ్నించిన నాడు హాస్యం చచ్చిపోతుంది.

‘క్షణక్షణం’లో లోపాలు లేవని నేను అనను. సత్య పిరికితనాన్ని అవసరానికి మించి సాగదీసిన ఘట్టాలున్నాయి. ఆమె ప్రతిసారీ చందు అండను ఆశించడం నేటి విద్యార్థినులకు రుచించకపోవచ్చు. అది న్యాయమైన విమర్శే. కాని ఆ చిత్రం ఆమె భయాన్ని అబద్ధమని కొట్టివేయదు. ఆమెను తరిమేవారు నిజమైనవారు. కనుకనే మన నవ్వులో ఎగతాళి కంటే సానుభూతి పాలు ఎక్కువ.

విద్యార్థులారా! మీలో పలువురు ప్రతిదినం సంగారెడ్డి, పటాన్‌చెరుల మధ్య బస్సులలో ప్రయాణిస్తారు. ఏ రాష్ట్రం నుండో పనికై వచ్చి, తెలుగు రాక తడబడుతూ కండక్టరును దారి అడిగే కూలీని చూస్తారు. రెండవ షిఫ్టు ముగించుకుని ఇస్నాపూర్ కూడలిలో ఆటోకోసం బెదురుచూపులతో నిలిచిన స్త్రీని చూస్తారు. వారి తడబాటు మీకు నవ్వు తెప్పించవచ్చు. నవ్వు రావడం తప్పు కాదు. నవ్విన తరువాత దారి చూపుతారా, ముఖం తిప్పుకుంటారా అన్నదే ప్రశ్న. చిల్లర దొంగ చందు ఆ ప్రశ్నకు తన సమాధానం చెప్పాడు. చదువుకున్న మనం అతనికంటే వెనుకబడకూడదు.