ఓడితే ఓడాం.. ఎందుకో చెప్పండి!

నా బీటెక్ రూమ్మేట్ ఒహాయోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. హాస్టల్ బాత్రూమ్‌లో తప్ప ఎక్కడా పాడనివాడు, అక్కడ ఓ బార్బర్‌షాప్ కోరస్‌లో చేరాడు. పోయిన అక్టోబరులో వాళ్ల బృందం ప్రాంతీయ పోటీకి వెళ్లింది. ఫోన్ చేస్తే ‘చివరి నుంచి రెండో స్థానం మామా’ అన్నాడు. గొంతులో మాత్రం పండగే. ఓడినోడికి ఇంత హుషారేంట్రా అంటే, ఆ రోజు కథంతా చెప్పాడు.

బార్బర్‌షాప్ అంటే మన కటింగ్ షాపే. ఒకప్పుడు అమెరికాలో అలాంటి చోట్ల నలుగురు చేరి గొంతులు కలిపి పాడుకునేవారు. ఈ బాణీ పుట్టుకలో నల్లజాతి గాయకులది పెద్ద పాత్ర. వాద్యాలుండవు. లీడ్ అసలు పాట పాడితే టెనర్ పైస్థాయిలో, బాస్ కింద అందుకుంటారు. మధ్యలో మిగిలిన స్వరం బారిటోన్‌ది. నాలుగూ సరిగ్గా కుదిరితే, ఎవరూ పాడని ఐదో గొంతు మోగినట్టు వినిపిస్తుంది. మాయేం కాదు, ఫిజిక్సే.

ఆ రోజు వీళ్లు తెల్లవారకముందే బస్సెక్కారు. హోటల్ కారిడార్‌లో గొంతులు సవరించుకున్నారు. నెలల సాధనంతా స్టేజీ మీద రెండు పాటల్లో అయిపోయింది. సంగీతం, ప్రదర్శన, గానం.. ఈ మూడు విభాగాల్లో జడ్జీలు ఒక్కో పాటకు వందకు మార్కులు వేస్తారు. మనోడి బృందం కిందెక్కడో తేలింది.

అసలు విషయం ఆ తర్వాతే. పోటీ అయ్యాక జడ్జీలే బృందాలతో కూర్చుని తప్పొప్పులు చెబుతారు. గెలిచినవాళ్లకే కాదు, అట్టడుగున ఉన్నవాళ్లకు కూడా. ‘రెండో పాటలో లీడ్‌లు గట్టిగా లాగారు, బారిటోన్‌లు వినపడలేదు. పక్కవాళ్లను వింటూ మళ్లీ పాడండి’ అన్నారట. పాడారు. స్టేజీ మీద మోగనిది ఆ చిన్న గదిలో మోగింది. వాడి హుషారు అదీ!

వింటుంటే నా క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ గుర్తొచ్చాయి. ఓ కంపెనీలో చివరి రౌండ్ దాకా వెళ్లా. వారం తర్వాత ‘విచారిస్తున్నాం’ అంటూ మెయిల్. కారణం అడిగితే జవాబు లేదు. ఇంగ్లిష్ వల్లే పోయిందనుకుని మూడు నెలలు స్పోకెన్ క్లాసులకు తిరిగా. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. ఏడాది తర్వాత ఓ సీనియర్ మాక్ ఇంటర్వ్యూ చేసి తేల్చాడు: ‘నీ కోడ్ బాగానే ఉంది. ప్రశ్న పూర్తిగా వినకుండా రాసేస్తున్నావ్’. ఈ ఒక్క వాక్యం అప్పుడే ఎవరైనా చెప్పుంటే!

వేలమంది వస్తారు, అందరికీ చెప్పడం కుదరదంటాయి కంపెనీలు. నిజమే. కానీ చివరి రౌండ్‌కు వచ్చేది కొద్దిమందే కదా! వాళ్లకు రెండు లైన్లు రాయడం భారమా? కాలేజీలైనా ‘ఎంతమందికి ఆఫర్లు’ అని ఫ్లెక్సీలు కట్టడంతో ఆగకుండా, రానివాళ్లతో ఓ సాయంత్రం కూర్చోవచ్చు.

ఆ బార్బర్‌షాప్ సంఘమేమీ ఆదర్శం కాదు. 1938లో టల్సాలో మొదలై, నల్లజాతివారిని దశాబ్దాలపాటు దూరం పెట్టింది. మహిళలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 2018లోనే. అయినా ఓడినవాళ్లను ఉత్తచేతులతో పంపకపోవడం మాత్రం దాన్నుంచి నేర్చుకోవాల్సిందే.

అప్పటిదాకా మనమేం చేయాలి? ఇంటర్వ్యూ అయిన రోజే ప్రశ్నలు, మీ జవాబులు రాసుకోండి. మొహమాటం లేని సీనియర్‌కు చూపించండి. ‘బాగానే చేశావ్‌లే’ అనే ఫ్రెండ్‌కు వద్దు.

ఇప్పుడు ఇంటర్వ్యూ టేబుల్‌కు అటువైపు నేనూ కూర్చుంటున్నా. నిజం చెప్పాలంటే, మొన్నటిదాకా నేనూ ఎవరికీ కారణం రాయలేదు. ఆ ఫోన్ తర్వాత మొదలుపెట్టా. ఒక్కొక్కరికి పట్టేది ఐదు నిమిషాలే.