అడవికి అంత పదును దేనికి?

ఫోటో బాగుందో లేదో తేల్చే ముందు దాన్ని కంప్యూటర్ తెర మీద నూరు శాతానికి పెంచి చూడటం ఇప్పటి రివాజు. ఆకు ఈనెలు లెక్కపెట్టేలా ఉంటే నెగ్గినట్టు, లేదంటే ‘షార్ప్‌గా లేదండీ’ అన్న ఒక్క ముక్కతో పక్కకు పోతుంది. మారేడుమిల్లి వెదురు పొదల మధ్య కాలిబాటైనా, బే ఏరియా తెలుగువాళ్లు సెలవు రోజున నడిచొచ్చే మ్యూర్ వుడ్స్ అయినా తీర్పు ఒకటే. సాఫ్ట్ ఫోకస్ అనగానే ఈ తీర్పరులకు తోచేవి రెండే: తీసినవాడికి చేతకాలేదు, లేదా పెళ్లి ఆల్బమ్ సోకు అంటించుకున్నాడు. ఈ అభిప్రాయం వెనక చరిత్ర ఉంది, పెద్దల పేర్లూ ఉన్నాయి. అయినా చెట్ల నీడలో సాగే బాట విషయంలో అది తప్పు. ఎవరి ఇష్టం వారిదని సర్దుకుపోయే తప్పు కూడా కాదు. అడవిలో వెలుతురు ఎలా ఉంటుందో, కాగితం ఎంతవరకు మోయగలదో పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన తప్పు.

ముందు ఆ పెద్దల సంగతి చూద్దాం. 1932 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మొదలైనవారు ‘గ్రూప్ ఎఫ్ 64’ పేరుతో ప్రదర్శన పెట్టారు. పెద్ద కెమెరాల లెన్స్‌లలో ఉండే అతి చిన్న అపెర్చర్ పేరే వాళ్ల జెండా. ముందరి చెట్టు నుంచి చివరి కొండ దాకా అంతా స్పష్టంగా పడాలన్నది వాళ్ల పట్టు. అప్పటికి రాజ్యమేలుతున్న పిక్టోరియలిస్టులు గమ్ బైక్రోమేట్ పూసి, కుంచెతో దిద్ది, ఫోటోను చిత్రలేఖనానికి చుట్టంగా నిలబెట్టాలని తాపత్రయపడ్డారు. వాళ్లలో కొందరి పనిలో మసకే తప్ప మరేమీ లేదు. వాటి మీద తిరుగుబాటు సమంజసమే. పైగా పదునైన ఫోటో లోకానికి మేలు చేసిందని చూపడానికి గట్టి ఉదాహరణ ఉంది: 1938లో ఆడమ్స్ వేసిన సియెర్రా నెవాడా, జాన్ మ్యూర్ ట్రెయిల్ ఫోటోల పుస్తకం వాషింగ్టన్ పెద్దల చేతుల్లో పడింది, 1940లో కింగ్స్ కాన్యన్ నేషనల్ పార్క్ ఏర్పడింది. పదును పక్షానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

ఆ సాక్ష్యాన్నే కాస్త దగ్గరగా చూడాలి. యోసెమిటీ నుంచి విట్నీ శిఖరం దాకా దాదాపు 340 కిలోమీటర్లు సాగే ఆ బాటకు పేరు తెచ్చింది గ్రానైటు, మంచు, కొండ మడుగులు. గాలి పలుచన, ఎండ నిటారు, రాయి కదలదు. అక్కడ పదును రాయి స్వభావాన్నే చెబుతుంది. అదే మ్యూర్ పేరున్న మ్యూర్ వుడ్స్‌లో సంగతి వేరు. 1908లో జాతీయ స్మారకంగా ప్రకటించిన ఈ లోయలో రెడ్‌వుడ్ చెట్లు 250 అడుగులు దాటి పెరుగుతాయి, సముద్రం నుంచి పొగమంచు వచ్చి వాటి మీద వాలుతుంది, కింద బాట మీద పడేది వడపోసిన వెలుతురు. ఎత్తైన కొండల్లో నేర్చుకున్న సూత్రాన్ని ఈ నీడలోకి యథాతథంగా మోసుకొచ్చి చట్టం చేయడంలోనే పొరపాటు ఉంది. ఇంకో విషయం కూడా ఉంది. యోసెమిటీలో లైల్ ఫోర్క్ ఏటి ఒడ్డున నిలిచిన లాడ్జ్‌పోల్ పైన్ చెట్లను 1921లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఆడమ్స్ తీసింది సాఫ్ట్ ఫోకస్ లెన్స్‌తోనే. ఆ వేసవి మధ్యాహ్నపు మెరుపును అది పట్టుకుందని తర్వాతి రోజుల్లో మెచ్చుకోలుగానే రాసుకున్నాడు. ఆయన అనుచరులు మాత్రం ఈ ఫోటో ఊసెత్తరు.

సాఫ్ట్ ఫోకస్ అంటే ఫోకస్ తప్పడమన్నది అన్నిటికంటే మొండి అపోహ. ఫోకస్ తప్పితే బొమ్మ మొత్తం అలుక్కుపోతుంది. సాఫ్ట్ ఫోకస్ లెన్స్ చేసేది అది కాదు. లెన్స్ మధ్య నుంచి వచ్చిన కిరణాలు ఒకచోట కలిస్తే, అంచుల నుంచి వచ్చినవి అంతకంటే కాస్త ఇవతల కలుస్తాయి. దానివల్ల లోపల ఒక స్పష్టమైన బొమ్మ, దాని మీద పలచని కాంతి తెర, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. మామూలు లెన్స్‌లలో లోపంగా భావించి సరిదిద్దే ఈ గుణాన్ని కొందరు పనిగట్టుకుని ఉంచారు. రోడెన్‌స్టాక్ కంపెనీ ఇమాగాన్ లెన్స్‌కు జల్లెడ లాంటి బిళ్లలు ఇచ్చింది, తెర ఎంత ఉండాలో వాటితో సరిచూసుకోవచ్చు. 1935లో లైట్జ్ తెచ్చిన 90 ఎంఎం థాంబార్‌కు నడి మధ్యలో చుక్క ఉన్న ఫిల్టర్ ఇచ్చారు, అంచు కిరణాల వాటా పెరగడానికి. అపెర్చర్ మూస్తూ పోతే తెర పలచబడి పదును బయటికొస్తుంది. చేతకాని పనికి ఇన్ని మీటలు ఎవరూ పెట్టరు.

ఇక అసలు వాదన. ఎండ వేళ అడవి బాట మీద నిలబడితే కొమ్మల సందుల్లోంచి జారే వెలుగు మచ్చకూ పక్కనున్న నీడకూ మధ్య తేడా విపరీతం. మంచి ప్రింటు కాగితంలో అతి తెల్లని చోటికీ అతి నల్లని చోటికీ తేడా ఎంత పెంచినా సుమారు నూరు రెట్ల దగ్గరే ఆగుతుంది. కాగితం వెలగదు, మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది, అంతే. కాబట్టి అంతా పదునుగా తీసిన అడవి ఫోటోలో ఎండ మచ్చలు కత్తిరించి అతికించిన తెల్ల కాగితం ముక్కలవుతాయి. బాట మీద సున్నం చిలకరించినట్టు ఉంటుంది. వాటిలో తెలుపు ఉంటుంది, వెలుగు ఉండదు. మన కంటిలో జరిగేది వేరు. మిరుమిట్లు గొలిపే చోటు చూసినప్పుడు కంటిలోపలే కొంత కాంతి చెదిరి చుట్టూ పరుచుకుంటుంది, ఆ పరివేషాన్ని బట్టే అది మెరుపని మెదడు పోల్చుకుంటుంది. సాఫ్ట్ ఫోకస్ లెన్స్ ఆ పరివేషాన్ని కాగితం మీద నిలుపుతుంది. తడి ఆకు మీద ఒక మెరుపును తీసుకోండి. పదును లెన్స్‌తో అది తెల్ల చుక్క. సాఫ్ట్ లెన్స్‌తో ఆ చుక్క నుంచి కాంతి పక్క నీడలోకి కొద్దిగా ఒలుకుతుంది, ఆ ఒలికినదాన్ని చూశాకే అది ఎండ అని మనకు అనిపిస్తుంది. కాగితానికి లేని ప్రకాశాన్ని సూచించే దారి ఇది.

పదును పక్షం చెప్పని లెక్క మరొకటి ఉంది. దట్టమైన నీడలో, ఐఎస్ఓ 100 దగ్గర, ఎఫ్ 16కి సుమారు ఒక సెకను ఎక్స్‌పోజర్ కావాలి, ఎఫ్ 64కి పదహారు సెకన్లు. పదహారు సెకన్లు కదలకుండా నిలబడే ఆకు ఎక్కడుంది? అందుకే ఇప్పుడు ఐఎస్ఓ పెంచుతారు, పది ఫ్రేములు తీసి కంప్యూటర్లో కలుపుతారు, మీదట షార్పెనింగ్ స్లైడరు జరుపుతారు. ఫోనైతే అడక్కుండానే ప్రతి కొమ్మకూ సన్నని తెల్ల గీత గీసిపెడుతుంది. కల్తీ లేని నిజమని చూపించే ఆ అంచు కూడా తయారుచేసిందే.

కంటి మాటెత్తితే ఎదురయ్యే అభ్యంతరం పాతది. 1889లో వెలువడిన ‘నేచురలిస్టిక్ ఫోటోగ్రఫీ’లో డాక్టర్ పీటర్ హెన్రీ ఎమర్సన్ కన్ను ఒక్క చోటనే స్పష్టంగా చూస్తుంది గనక ఫోటో కూడా అలాగే ఉండాలన్నాడు. మరుసటి ఏడాదే తన మాట వెనక్కి తీసుకున్నాడు. చూశారా, ఆయనే ఒప్పుకున్నాడు అంటారు. ఆయన వదులుకున్నది ఫోటో ఒక కళ అన్న వాదాన్ని. టోన్లు ఫోటోగ్రాఫర్ చేతిలో ఉండవని తేలడం దానికి కారణం, ఫోకస్ కాదు. అసలైన అభ్యంతరం వేరే ఉంది, అది బలమైనది కూడా: కన్ను ఒకచోట ఆగదు, అడవంతా తిరుగుతుంది, వాలిన ప్రతిచోటూ స్పష్టంగానే కనిపిస్తుంది. నిజమే. అందుకే ఎమర్సన్ వాదం మీద నేను ఆధారపడటం లేదు. నా లెక్క కన్ను ఎటు తిరుగుతుందన్నది కాదు, కాగితం ఎంత వెలుగు చూపగలదన్నది.

సాఫ్ట్ ఫోకస్ అడవిని అందంగా చూపి నరికిన మొద్దుల్నీ ప్లాస్టిక్ చెత్తనీ దాస్తుందనే ఫిర్యాదు కూడా వినిపిస్తుంది. చెత్తను దాచేది ఫ్రేము అంచు, లెన్స్ కాదు. కెమెరాను కాస్త పక్కకు తిప్పితే పదునైన ఫోటోలోంచి కూడా మొద్దు మాయమవుతుంది. అయితే ఈ ఫిర్యాదులో సగం న్యాయం ఉంది. 1980లలో కెనడా ఫోటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్ ఒకే దృశ్యానికి చెందిన స్పష్టమైన స్లైడునూ మసక స్లైడునూ కలిపి చూపించిన పద్ధతి ఇప్పుడు యాప్‌లో ఒక్క నొక్కుతో వస్తుంది. వెలుతురు ఎటునుంచి వస్తోందో, ఎంత బలంగా ఉందో చూడకుండా వాడితే ఆకులకూ బండలకూ బురదకూ ఒకే పాలపూత పూస్తుంది. ఆ పూతను నేను సమర్థించడం లేదు. వేర్ల మీది నాచుకూ దూరాన పడ్డ ఎండకూ ఒకే మెత్తదనం ఉంటే అది యాప్ పని అని తెలిసిపోతుంది.

మొక్క జాతి గుర్తించడానికో, కార్చిచ్చు తర్వాత నష్టం అంచనాకో తీసే ఫోటో పదునుగా ఉండాల్సిందే, ఈ వాదన వాటి జోలికి పోదు. పోటీలకూ ప్రదర్శనలకూ వచ్చే అడవి బాటల ఫోటోలను మాత్రం నూరు శాతానికి పెంచకుండా, ప్రింటు తీసి, బొమ్మ మొత్తం ఒక్క చూపులో ఇమిడే దూరంలో పెట్టి చూడమని నిర్ణేతలను అడుగుతున్నాను. ఆ దూరం నుంచి ఆకు ఈనెలు ఎవరికీ కనిపించవు. ఎండ పడిందో లేదో మాత్రం తెలుస్తుంది.