కెంపు తళుకుల పాదరక్షలు

గతమాసమున మేమొక పొరపాటు చేసితిమి. మా తల్లిగారి తళుకుల రవికకు ధూళి పట్టియుండఁగా నీటఁ దడిపితిమి. తళుకులు మెత్తఁబడి, రంగు వెలిసి, వ్రేళ్ల కంటుకొన్నవి! పూర్వము తళుకులను జెలటినుతోఁ గూడఁ జేయుచుండిరనియు, దానికి నీరు సరిపడదనియు, మావా రొక ప్రదర్శనశాల ముచ్చట చెప్పినపిమ్మటఁ గాని మాకుఁ దెలియలేదు.

ఆ శాల అమెరికాలో, వాషింగ్టను నగరమున స్మిత్సోనియను సంస్థవారిది. 'విజర్డ్ ఆఫ్ ఓజ్' (1939) చలనచిత్రమున జూడీ గార్లాండు తొడిగిన యెఱ్ఱని పాదరక్షలు 1979లో నచటికిఁ జేరినవి. మూలకథలో నవి వెండివి. రంగుల చిత్రమగుటచేఁ గెంపు వన్నెకు మార్చిరి. నర్తించునపుడు చప్పుడు గాకుండ నడుగున మెత్తని గుడ్డ యంటించిరి.

వాని తళుకుల లోపలి పదార్థమును జెలటినే! పైపూఁత సెల్యులోజు నైట్రేటు. తడి పనికిరాదు, వెలుతు రధికము కారాదు. ఇంచుమించు నెనుబదియేండ్లకు వన్నె తగ్గఁగా, 2016లోఁ బ్రజలవద్దఁ జందాలు గూర్చి, సూక్ష్మదర్శినిలోఁ జూచుచుఁ జిన్నకుంచెలతో నొక్కొక్క తళుకును శుభ్రపఱచిరి. ఒక్కొక్క రక్షకుఁ దళుకులు రెండువేలకుఁ బైమాట. ఈ పనికి 200 గంటలు మించినవఁట! 2018లో మరల దర్శనమున కుంచిరి.

ఆ చిత్రమున దుస్తుల కల్పకుఁడు ఆడ్రియను పేరు వేసిరి; తళుకులు కుట్టినవారి పేళ్లు వేయలేదు. ఇది మాకు నచ్చలేదు.

మా రవిక నీడ నాఱినది. ఊడని తళుకులు పదునేడు. దానిని మెత్తని నూలుగుడ్డలోఁ జుట్టి పెట్టెలోఁ బెట్టితిమి.