గురువు లేని గోల్ఫ్

అమెచ్యూర్ గోల్ఫర్లలో ఎక్కువమంది కోచ్ దగ్గరికి వెళ్లేది ఆట మొదలుపెట్టిన కొత్తలోనే. అదీ రెండు మూడు పాఠాలకే. ఆ తర్వాత పదేళ్లు ఆడినా మళ్లీ పాఠం జోలికి పోరు. స్వింగ్ చెడితే కొత్త డ్రైవర్ క్లబ్ కొంటారు, దానితోనూ కుదరకపోతే ఫోన్‌లో వీడియోలు చూస్తారు. ఒక్క పాఠం కూడా లేకుండా ఆటలోకి దిగేవాళ్లూ తక్కువేం కాదు. మస్కట్ శివారు అల్ మవాలేలో ఉంటున్న తెలుగువాళ్లలో గోల్ఫ్ పట్టుకున్న కొద్దిమందిదీ ఇదే దారి. "ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అంతా సొంతంగానే" అని గొప్పగా చెప్పుకోవడం అక్కడ మామూలైపోయింది. అక్టోబరు వచ్చి, ఎండ తగ్గి, సీజన్ మొదలవుతున్న ఈ వారాల్లో ఆ మాట మరీ ఎక్కువగా వినబడుతోంది. అందులో గొప్పేమీ లేదు, ఉన్నదల్లా నష్టమే.

నేర్పేవాళ్లు దొరకరన్న సాకు అల్ మవాలేలో చెల్లదు. సీబ్ విలాయత్‌లోని ఈ ప్రాంతం నుంచి కారెక్కితే కాసేపట్లోనే సముద్రపు ఒడ్డున అల్ మౌజ్ కోర్సు వస్తుంది. గ్రెగ్ నార్మన్ రూపకల్పన చేసిన ఈ కోర్సు 2012లో మొదలైంది. యూరోపియన్ టూర్ వారి ఒమన్ ఓపెన్ ఇక్కడే జరిగింది. 2018లో జూస్ట్ లూయిటెన్, 2019లో కర్ట్ కితయామా, 2020లో సామి వాలిమాకి గెలిచారు. విమానాశ్రయం పక్కన 2009లో తెరిచిన మస్కట్ హిల్స్ దేశంలో పచ్చగడ్డి మీద వచ్చిన తొలి 18 హోల్స్ కోర్సు. అంతకుముందు ఒమన్‌లో గోల్ఫ్ అంటే ఇసుకే. మస్కట్‌లోనే ఘాలాలో 1970ల ఆరంభంలో మొదలైన క్లబ్ కూడా చాలాకాలం ఇసుక మీదే నడిచింది. గ్రీన్ల బదులు నూనె కలిపి చదును చేసిన 'బ్రౌన్లు' ఉండేవి. ఆటగాడు చిన్న చాప ముక్క వెంట తెచ్చుకుని, ఫెయిర్‌వేలో దాని మీద బంతి పెట్టి కొట్టేవాడు. చమురు కంపెనీల్లో పనిచేసే పాశ్చాత్యులు తమలో తాము నేర్పుకున్న కాలం అది. ఆ రోజుల్లో సొంతంగా నేర్చుకోవడం గతిలేక చేసిన పని. ఇప్పుడు శిక్షణ ఇచ్చే ప్రొఫెషనల్స్ ఉన్నారు, సాధనకు రేంజ్ ఉంది, లైట్లూ ఉన్నాయి.

మరి ఎందుకు వెళ్లరు? ఫీజు ఒక కారణం. అరగంట పాఠానికి ఇచ్చే రియాళ్లను రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె కాస్త ఝల్లుమంటుంది. కానీ పాఠానికి వెనకాడే చేయి డ్రైవర్‌కు వెనకాడదు. ఒక్క కొత్త డ్రైవర్ ధరకు ఒక సీజన్ అంతా సరిపడే పాఠాలు వస్తాయి. అసలు కారణం సిగ్గు. నలభై ఏళ్లు దాటి, పది మంది చేత పని చేయించే హోదాలో ఉన్న మనిషి, పాతికేళ్ల కుర్రాడి ముందు నిలబడి "మోకాలు వంచండి, నడుం వంచండి" అని చెప్పించుకోవాలి. అది మింగుడుపడదు. పిల్లలకు ఎల్‌కేజీ నుంచే ట్యూషన్ పెట్టించి, ఇంటర్‌లో కోచింగ్ కోసం అప్పు చేయడానికైనా వెనకాడని ఇళ్లలోనే, పెద్దవాళ్లు నేర్చుకోవడాన్ని మాత్రం నామోషీగా చూస్తారు. ఇదే మనిషి ఒమన్‌లో కారు నేర్చుకున్నప్పుడు ఈ నామోషీ పడలేదు. లైసెన్సున్న శిక్షకుడి పక్కన కూర్చుని, డ్రమ్ముల మధ్య వెనక్కి పెట్టడం, ఎత్తు మీద ఆపి కదిలించడం, రోడ్డు పరీక్ష, ఒక్కొక్కటీ ఫెయిలై మళ్లీ కట్టి మరీ నేర్చుకున్నాడు. పోలీసు పరీక్ష ఉందని కారుకు గురువును పెట్టుకున్నవాడు, పరీక్ష లేదని గోల్ఫ్‌కు వద్దనుకుంటున్నాడు.

గురువు అవసరం ఎక్కడ పడుతుందో స్లైస్ ఒక్కటి చూస్తే చాలు. కుడిచేతి ఆటగాడి బంతి గాలిలో కుడివైపుకు వంగిపోవడమే స్లైస్. కొత్తవాళ్లలో నూటికి డెబ్బై ఎనభై మంది బాధపడేది దీనితోనేనని ఏ రేంజ్‌లో నిలబడి చూసినా అనిపిస్తుంది. బంతి బయలుదేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది తాకిన క్షణంలో క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్నది. ఐరన్ క్లబ్బులకు సుమారు నాలుగింట మూడు వంతులు, డ్రైవర్‌కు ఇంకా ఎక్కువ భాగం దానిదే. క్లబ్ వచ్చే దారికీ ముఖం చూసే దిక్కుకీ ఉన్న తేడా బంతిని గాలిలో వంచుతుంది. ముఖం దారికంటే కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది. సొంతంగా నేర్చుకునేవాడు ఏం చేస్తాడు? బంతి కుడికి పోతోంది కాబట్టి ఎడమకు గురిపెడతాడు, ఎడమకు ఈడ్చి కొడతాడు. దారి ఇంకా ఎడమకు జరుగుతుంది, ముఖం ఉన్నచోటే ఉంటుంది. తేడా పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది. దానికి విరుగుడుగా ఇంకొంచెం ఎడమకు. బుద్ధిగా ఆలోచించి చేసిన ప్రతి సవరణా జబ్బును ముదరబెడుతుంది. ఇక్కడ తెలివితేటల లోపం లేదు. తాకిడి జరిగేది సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలంలో, క్లబ్ పైనుంచి కిందికి దిగేది దాదాపు పావు సెకనులో. ఆ వ్యవధిలో జరిగినదాన్ని తన కళ్లతో ఎవరూ చూసుకోలేరు. దిద్దుకున్నాననుకునేది ఒకటి, శరీరం చేసేది మరొకటి.

తెలుగు ఆటగాడికి ఇంకో చిక్కు ఉంది. అతను క్రికెట్ నుంచి వస్తాడు. స్ట్రెయిట్ డ్రైవ్‌లో ముందు మోచేయి పైకెత్తి, బ్యాట్ ముఖాన్ని బౌలర్ వైపే నిలిపి ఉంచమని చిన్నప్పుడు ఎవరో ఒకరు నేర్పి ఉంటారు. గోల్ఫ్‌లో తాకిడి దాటాక ముంజేతులు తిరగాలి, ముందు చేయి చాపుకుని మడవాలి. క్రికెట్ చేయి అక్కడే మొండికేస్తుంది. మోచేయి కోడి రెక్కలా పైకి లేస్తుంది, ముఖం తెరుచుకునే ఉంటుంది, బంతి కుడివైపు చెట్లలోకి పోతుంది. ఇరవై ఏళ్లు చేయి నేర్చుకున్న అలవాటు వీడియో చూస్తే వదలదు. కోచ్ మొదటి పది నిమిషాల్లో పట్టుకునేది దీన్నే.

కోచ్ లేనిచోట పక్కవాడే కోచ్. రేంజ్‌లో ఒక బంతి నేల మీద దొర్లుతూ పోయిందంటే వెనకనుంచి వెంటనే వచ్చే మాట ఒక్కటే: "తల ఎత్తేశావన్నా." క్లబ్ బంతి నెత్తిన తగలడానికి తల ఎత్తడం కారణం కావడం అరుదు. బరువు వెనక కాలి మీదే ఉండిపోవడం, చేతులు ముడుచుకోవడం, నడుము బంతివైపు తోసుకురావడంతో శరీరం పైకి లేవడం, ఇవీ అసలు కారణాలు. తల వాటి వెంట లేస్తుంది. ఆ మాట విని తలను బిగబట్టుకున్నవాడికి భుజాలు తిరగవు, బరువు ముందుకు రాదు, క్లబ్ మళ్లీ బంతి నెత్తినే తగులుతుంది. సలహా ఇచ్చినవాడిది ప్రేమే. ఆట మాత్రం ఆ ప్రేమతోనే పాడవుతుంది.

పుస్తకం చూసి నేర్చుకున్నా ఇదే ప్రమాదం. బెన్ హోగన్ 1957లో ప్రచురించిన 'ఫైవ్ లెసన్స్' గోల్ఫ్ పాఠ్యగ్రంథాల్లో అగ్రస్థానంలో ఉన్నది. ఆంథొనీ రావియెల్లీ గీసిన బొమ్మలు ఈనాటికీ సాటిలేనివి. కానీ హోగన్ జీవితమంతా పోరాడింది ఎడమకు వంగే హుక్‌తో. చేతులు కాస్త ఎడమకు తిప్పి పట్టుకునే ఆయన గ్రిప్ ఆ హుక్‌కు వేసిన మందు. స్లైస్‌తో బాధపడే అమెచ్యూర్ అదే మందు వేసుకుంటే ముఖం ఇంకా తెరుచుకుంటుంది. పుస్తకంలో తప్పు లేదు. చదివేవాడి జబ్బేమిటో పుస్తకానికి తెలియదు. వీడియోల సంగతీ అంతే, పైగా అవి ఒకదానికొకటి విరుద్ధం.

ఇక్కడ సొంతవాదులు పేర్లు తీస్తారు. బబ్బా వాట్సన్ ఒక్క పాఠమైనా లేకుండా 2012లో, 2014లో మాస్టర్స్ గెలిచాడు. లీ ట్రెవినో డల్లస్‌లో రేంజ్‌లో పనిచేస్తూ నేర్చుకుని ఆరు మేజర్లు గెలిచాడు. సెవె బాయెస్తెరోస్ స్పెయిన్‌లోని పెద్రెన్యా సముద్రతీరంలో ఒకే ఒక్క 3-ఐరన్‌తో సాధన చేశాడు. ఇవి నిజాలే, కానీ సగం నిజాలు. సెవె మేనమామ రమోన్ సోతా పేరున్న ప్రొఫెషనల్, అన్నలూ ఆటగాళ్లే. అతను పెరిగింది గోల్ఫ్ ఇంట్లో. మన దేశంలో 1991లోను, 1993లోను ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా ఎదిగినవాడు. 2016, 2017 సంవత్సరాల్లో అదే టైటిల్ వరసగా గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్‌లో గ్రీన్‌కీపర్. పదేళ్ల వయసు నుంచి రోజూ మంచి స్వింగులనూ చెడ్డ స్వింగులనూ చూస్తూ, బ్యాగు మోస్తూ, ఏ షాట్ ఎందుకు చెడిందో ఆలోచిస్తూ పెరిగిన కుర్రాడికి గురువు లేడనడం అన్యాయం. కోర్సంతా అతనికి గురువే. శుక్ర, శనివారాల్లో మాత్రమే తీరిక దొరికే ఇంజినీరు, ఫ్లాట్‌లో అద్దం ముందు నిలబడి ఆ వరసలో తన పేరు చేర్చుకోలేడు. పోల్చుకోవాలంటే జాక్ నిక్లాస్‌తో పోల్చుకోవాలి. పద్దెనిమిది మేజర్లు గెలిచిన మనిషి, ప్రతి ఏడూ సీజన్‌కు ముందు చిన్నప్పటి గురువు జాక్ గ్రౌట్ దగ్గరికి వెళ్లి గ్రిప్ నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు.

పాఠాలు ఎన్నైనా మంచివేననడం కూడా సరి కాదు. 1992లో మాస్టర్స్ అనే ఇంటిపేరున్న పరిశోధకుడు పటింగ్ మీద చేసిన ప్రయోగంలో, సూచనలన్నీ చదివి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడి రాగానే తడబడ్డారు. సూత్రాలు తలకెక్కకుండా చేతితో నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. 1999లో గాబ్రియేల వుల్ఫ్ బృందం, చేతుల మీద ధ్యాస పెట్టమన్నవాళ్లకంటే క్లబ్ ఊగడం మీద ధ్యాస పెట్టమన్నవాళ్లు బాగా నేర్చుకున్నారని చూపింది. కాబట్టి అరగంటలో పద్నాలుగు తప్పులు ఏకరువు పెట్టే కోచ్ మంచి కోచ్ కాడు. ఒక్కటి దిద్ది పంపేవాడే కావాలి. మొదటి రెండు నెలల్లో ఐదారు పాఠాలు, రెండు పాఠాల నడుమ కనీసం పది రోజుల సొంత సాధన. ఆ తర్వాత అక్టోబరులో ఒకటి, జనవరిలో ఒకటి. ఇంతకంటే ఎక్కువైతే పాఠం ఊతకర్ర అవుతుంది, తక్కువైతే పాత తప్పు ఇంట్లోకి తిరిగొస్తుంది.

ఆ కొద్ది పాఠాల్లోనూ అందరూ డ్రైవర్ గురించే అడుగుతారు. ఇది అన్నిటికంటే పెద్ద పొరపాటు. పార్ లెక్క వేసిందే ఒక్కో హోల్‌కు రెండు పట్‌ల చొప్పున. అంటే 72లో 36. డ్రైవర్ వాడేది మహా అయితే పద్నాలుగుసార్లు. అయినా పటింగ్ నేర్పమని కోచ్‌ను అడిగిన అమెచ్యూర్‌ను వెతికి పట్టుకోవాలి. గ్రీన్ అంచు నుంచి మూడు దెబ్బలు తినేవాడు, 20 గజాలు దూరం కొట్టడం నేర్చుకుంటే స్కోరు తగ్గుతుందనుకుంటాడు. తగ్గదు. 108 మిల్లీమీటర్ల వెడల్పున్న గుంతలోకి బంతి పడాలంటే దూరం ముందు, దిశ తర్వాత. పది మీటర్ల నుంచి కొట్టిన పట్ గుంత పక్కన చేయి చాపితే అందేంత దూరంలో ఆగితే చాలు. ఆ బలం కొలవడం ఒక్క సాయంత్రంలో నేర్పవచ్చు. అల్ మవాలే ఇంట్లో హాలు కార్పెట్ మీద రోజుకు పావుగంట సాధన చేయవచ్చు. సొంత సాధనకు నిజంగా చోటున్నది ఇక్కడే, గ్రిప్ దగ్గర కాదు. గ్రిప్ మాత్రం మొదటి రోజే మరొకరి చేతుల్లో కుదరాలి, ఎందుకంటే తప్పు గ్రిప్ చేతికి సుఖంగానే ఉంటుంది.

డబ్బున్నా గురువు వద్దనుకునేవాళ్ల సంగతి ఇలా ఉంటే, గురువు కావాలన్నా దొరకనివాళ్లూ కోర్సుల్లోనే ఉన్నారు. విశాఖలో, హైదరాబాద్‌లో, మన దేశంలో ఏ క్లబ్‌లో చూసినా బ్యాగులు మోసే క్యాడీల్లో చాలామందికి సభ్యులకంటే మంచి స్వింగ్ ఉంటుంది. సభ్యుడి తప్పు ముందుగా కనిపెట్టేదీ వాళ్లే. అయినా ఎక్కువ క్లబ్బుల్లో క్యాడీ ఉద్యోగి కాడు. రౌండుకు ఇంత అని ఆటగాడు చేతిలో పెట్టే కూలే అతని ఆదాయం, వానొస్తే అదీ లేదు. మధ్యప్రదేశ్‌లోని మహూకు చెందిన ముకేశ్ కుమార్ ఆసియన్ టూర్‌లో తొలి టైటిల్ గెలిచింది 2016లో, 51 ఏళ్ల వయసులో. అవకాశం ముందే దక్కి ఉంటే ఎన్ని గెలిచేవాడో ఊహించుకోవచ్చు. నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచ్‌లను తయారు చేస్తోంది. ప్రతి క్లబ్ ఏటా ఇద్దరు క్యాడీలకు అక్కడి ఫీజు కట్టి పంపితే ఖజానా ఖాళీ కాదు. అలా వచ్చిన కోచ్ తెలుగులో నేర్పుతాడు, తక్కువకు నేర్పుతాడు, ఫీజు ఎక్కువన్న సాకు కూడా పోతుంది.

ఒమన్ కోర్సుల్లోనూ ఇలాంటివాళ్లున్నారు. అక్కడ గడ్డి కోసి, నీళ్లు కట్టి, బంకర్లు చదును చేసే పనిలో దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని ఆపాలని అక్కడ చట్టం ఉంది. ఎండలో గ్రీన్లను బతికించే ఈ మనుషులకు ఆ గ్రీన్ మీద ఒక్క పట్ కొట్టే హక్కు ఉండాలి. వారానికి ఒక సాయంత్రం గంటసేపు రేంజ్‌లో రెండు మూడు స్థలాలు, సభ్యులు పక్కన పడేసిన పాత 7-ఐరన్లు, ఒక బుట్టెడు బంతులు, అరగంట కోచ్ సమయం ఇస్తే చాలు. ఏ క్లబ్‌కూ ఇది భారం కాదు. సీజన్ మొదలైంది కాబట్టి ఈ నెలలోనే పెట్టవచ్చు.